కాలి పుండు మానకపోతే వెతకాల్సింది సిరలో

సంక్షిప్తంగా: చీలమండ పైన వచ్చి నెలల తరబడి మానని పుండ్లలో ఎక్కువ భాగం సిరల జబ్బు వల్ల వచ్చేవే. సిరల్లోని కవాటాలు పాడవడం, పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టలేకపోవడం ఇందుకు మూలం. బిగుతుగా కట్టే కంప్రెషన్ బ్యాండేజ్ దీనికి ప్రధాన చికిత్స. అయితే కాలికి రక్తం తెచ్చే ధమనులు ఎలా ఉన్నాయో చూడకుండా ఆ కట్టు కడితే కాలికే ముప్పు. సిర జబ్బుకూ ధమని జబ్బుకూ మధ్య తేడా పట్టుకునేది నర్సు చేసే తొలి పరీక్ష.

కాలికి చిన్న దెబ్బ తగులుతుంది. కుర్చీ అంచు గీరుకోవచ్చు, దురద పెట్టిన చోట గోరు గుచ్చుకోవచ్చు. అది వారం పది రోజుల్లో మానాలి, మానదు. ఆయింట్‌మెంట్ మారుస్తారు, డ్రెస్సింగ్ మారుస్తారు. యాంటీబయాటిక్ కోర్సు ఒకటి అయిపోయాక ఇంకోటి మొదలుపెడతారు. మూడు నెలలు తిరిగేసరికి రూపాయి బిళ్లంత ఉన్న పుండు అరచేయంత అవుతుంది. షుగర్ ఉందేమోనని పరీక్ష చేయిస్తే అదీ ఉండదు. మరి ఎందుకు మానడం లేదన్న టెన్షన్ ఇంటిల్లిపాదికీ పట్టుకుంటుంది.

మానని పుండు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది షుగరే. పాశ్చాత్య దేశాల లెక్కలు చూస్తే మాత్రం, మోకాలి కింద వచ్చే దీర్ఘకాలిక పుండ్లలో సుమారు 60 నుంచి 80 శాతం సిరల జబ్బుకు సంబంధించినవి. పుండు కనిపించేది చర్మం మీదే కాబట్టి వైద్యమంతా చర్మం మీదే సాగుతుంది. లోపల సిరలో ఒత్తిడి తగ్గనంత కాలం పైన ఎంత ఖరీదైన మందు రాసినా ఫలితం అంతంతమాత్రమే.

ఇక్కడ భాషతో కూడా ఒక చిక్కు ఉంది. వాడుకలో సిరనూ, ధమనినీ, నాడినీ మూడింటినీ ‘నరం’ అనే అంటాం. ‘కాలి నరాలు ఉబ్బాయి’ అన్నప్పుడు అవి సిరలు. ‘నరాలు లాగుతున్నాయి’ అన్నప్పుడు నాడులో కండరాలో కావచ్చు. ‘నరం మూసుకుపోయింది’ అంటే ధమని అయినా కావచ్చు, సిర అయినా కావచ్చు. ఈ విషయంలో ఆ తేడా ప్రాణం లాంటిది. ధమని గుండె నుంచి కాలికి రక్తం తెస్తుంది. సిర కాలి నుంచి గుండెకు రక్తాన్ని తిరిగి తీసుకెళ్తుంది. ఒకదానికి పనికొచ్చే చికిత్స రెండోదానికి హాని చేస్తుంది.

పిక్క చేసే పని

కాలి వేళ్ల దగ్గరున్న రక్తం గుండె వరకు ఎక్కాలంటే నిలువునా మీటరుకు పైగా పైకి రావాలి. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. అదే మనిషి నాలుగడుగులు వేయగానే అది దిగడం మొదలై, నడక సాగేకొద్దీ 30 కంటే కిందికి వస్తుంది. ఈ మార్పు తెచ్చేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది బిగుసుకుని, తన మధ్య నుంచి వెళ్లే లోతు సిరలను పిండుతుంది. అప్పుడు రక్తం పైకి పోతుంది. కండరం వదులయ్యాక ఆ రక్తం కిందికి జారకుండా సిరలోని కవాటాలు మూసుకుంటాయి. పిక్కను రెండో గుండె అనడం ఇందుకే.

ఈ ఏర్పాటు మూడు చోట్ల దెబ్బతినొచ్చు. కవాటాలు సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారవచ్చు. పాత రక్తపు గడ్డ వల్ల సిర ఇరుకైపోవచ్చు. కండరం బలహీనపడో, చీలమండ కీలు బిగుసుకుపోయో పిండే పనే ఆగిపోవచ్చు. మూడింటిలో ఏది జరిగినా నడిచినప్పుడు దిగాల్సిన ఒత్తిడి దిగదు. రోజంతా, ఏళ్ల తరబడి అది సన్నని రక్తకేశనాళికల మీద పడుతూనే ఉంటుంది.

తర్వాత జరిగేది చర్మం మీద నెమ్మదిగా బయటపడుతుంది. ఒత్తిడికి నాళికల గోడల్లోంచి నీరు, ప్రొటీన్లు, ఎర్ర రక్తకణాలు బయటికి కారతాయి. నీటి వల్ల వాపు వస్తుంది. ఎర్రకణాలు చితికి, వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది. చీలమండ చుట్టూ తుప్పు పట్టినట్టు కనిపించే గోధుమ రంగు అదే. దీని పేరు హీమోసిడెరిన్. తెల్ల రక్తకణాలు నాళికల్లో ఇరుక్కుని, కణజాలాన్ని కరిగించే ఎంజైములను వదులుతాయి. నాళికల చుట్టూ పేరుకునే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టడంలో ఏర్పడే ప్రొటీన్) పొర ఆక్సిజన్‌ను అడ్డుకుంటుందన్న వివరణ 1982లో వచ్చింది. తెల్లకణాల పాత్రను ముందుకు తెచ్చిన వివరణ 1988లో వచ్చింది. ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పదు. కానీ దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ (కణజాలంలో ఆరని మంట) వల్ల చర్మం లోపల్నుంచే చెడుతోందన్నది ఇప్పుడు స్థిరపడిన అవగాహన. అలాంటి చర్మానికి చిన్న గీత పడినా చాలు, అది పుండవుతుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ

వయసు, అధిక బరువు, కుటుంబంలో వెరికోస్ వెయిన్స్ (ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) ఉండటం, ఎక్కువ కాన్పులు కావడం, గంటల తరబడి నిలబడే ఉద్యోగం ఏ జాబితాలోనైనా ఉండేవే. బరువు పెరిగితే పొట్టలో ఒత్తిడి పెరిగి, గజ్జల దగ్గర సిరలు ఖాళీ కావడం కష్టమవుతుంది. గర్భంలో హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులవుతాయి, గర్భాశయం బరువు కూడా వాటి మీద పడుతుంది. నిలబడే ఉద్యోగాల్లో నర్సు ఉద్యోగమూ ఉంది. ఈ పుండ్లకు కట్టు కట్టే చేతుల వెనకున్న కాళ్లకు కూడా ఇదే ముప్పు ఉందని గుర్తుపెట్టుకోవాలి.

వీటన్నిటికంటే లోతుగా అడగాల్సింది గతంలో కాలి లోతు సిరలో రక్తం గడ్డకట్టిందా అన్నది. దీన్ని డీప్ వెయిన్ థ్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ అంటారు. గడ్డ కరిగినా కవాటాలు మచ్చపడి మిగిలిపోతాయి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో 20 నుంచి 50 శాతం మందికి తర్వాత కాలు వాపు, బరువు, నొప్పి వంటివి దీర్ఘకాలం ఉండిపోతాయి. వాళ్లలో కొందరికి పుండు పడుతుంది. చిక్కేమిటంటే చాలామందికి గడ్డకట్టిన సంగతే తెలియదు. ‘మీకు డీవీటీ వచ్చిందా?’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ‘కాలు విరిగి పిండికట్టు వేశారా? కాన్పు తర్వాత ఒక్క కాలే బాగా వాచిందా? ఏదైనా ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు మంచంలో ఉన్నారా?’ అని అడిగితే ఇరవై ఏళ్ల కిందటి సంగతి బయటికొస్తుంది. ప్రశ్న మారితే చరిత్ర మారుతుంది.

తగినంత పట్టించుకోని కారణం చీలమండ కీలు. పాదం పైకీ కిందికీ ఆడితేనే పిక్క పూర్తిగా బిగుసుకుంటుంది. కీళ్లవాతం, పాత విరుపు, పుండు నొప్పికి భయపడి పాదం కదపకపోవడం వంటి వాటివల్ల కీలు బిగుసుకుంటే, సిరలు బాగున్నా పంపు పని చేయదు. పుండు వల్ల కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గినందువల్ల పుండు మానదు. రోగి పాదాన్ని ఎంతవరకు వంచగలుగుతున్నారో చూడటానికి నిమిషం చాలు. అయినా చాలా కేసు షీట్లలో ఆ వివరమే కనిపించదు.

రాత్రిళ్లు కుర్చీలోనే నిద్రపోవడం కూడా ఇలాంటిదే. ఆయాసం వల్లో, మోకాళ్ల నొప్పి వల్లో కొందరు మంచం ఎక్కరు. అంటే కాళ్లు 24 గంటలూ కిందికే వేలాడుతుంటాయి. మందుల పట్టీ కూడా చూడాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ చీలమండల వాపు తెస్తుంది. కొన్ని రక్త జబ్బులకు వాడే హైడ్రాక్సీయూరియా, గుండెనొప్పికి వాడే నికోరాండిల్ నేరుగా పుండ్లకే కారణం కావచ్చు. అన్నిటికంటే బలమైన సంకేతం మాత్రం గతంలో ఒకసారి పుండు పడి మానడం. ఒకసారి పడిన కాలికి మళ్లీ పడే అవకాశం ఎక్కువ.

పుండు కంటే ముందు కాళ్లు చూడాలి

కట్టు విప్పగానే కళ్లు పుండు మీదికే పోతాయి. అనుభవమున్న నర్సు ముందు రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి, మోకాళ్ల నుంచి వేళ్ల దాకా చూస్తుంది. వీలైతే రోగిని కాసేపు నిలబెట్టి చూస్తుంది. ఉబ్బిన సిరలు పడుకున్నప్పుడు కనిపించకుండా పోతాయి కదా.

మేజోడు గుర్తు లోతుగా పడిందా? ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీస్తే గుంట మిగిలిందా? చీలమండ లోపలి వైపు, పాదం అంచున సన్నని నీలి సిరలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయా? ఇది తొలి దశలోనే కనిపించే గుర్తు. జబ్బు ముదిరితే చీలమండ పైన చర్మం చెక్కలా గట్టిపడి బిగుసుకుంటుంది. కింద సన్నగా, పైన పిక్క లావుగా, కాలు తలకిందులు పెట్టిన సీసాలా తయారవుతుంది. కొందరిలో తెల్లని మచ్చలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు ఉంటాయి. ఆ చోటు రక్తప్రసరణ తక్కువగా ఉండి విపరీతంగా నొప్పి పెడుతుంది, తేలిగ్గా పగులుతుంది.

చర్మం రంగు విషయం పుస్తకాల్లో సరిగా రాదు. ‘ఎర్రబడటం’ అన్న గుర్తు లేత రంగు చర్మానికి పనికొస్తుంది. ముదురు రంగు చర్మం మీద అది ఊదా ఛాయలోనో, మామూలు కంటే నల్లగానో కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. ఇనుము మరక కూడా గోధుమ రంగులో కాక బూడిద నలుపులో ఉంటుంది. అందుకే చేయి పని చేయాలి. అరచేతి వెనక భాగంతో రెండు కాళ్లనూ తాకి వేడిలో తేడా చూడాలి. చర్మం బిగుతు, గట్టిదనం వేళ్లతో పోల్చాలి. ఈ ఒక్క అలవాటు లేక ఇన్ఫెక్షన్ ఆలస్యంగా బయటపడే ప్రమాదం ఉంది.

దీనికి ఎదురు తప్పూ జరుగుతుంది. సిరల జబ్బు వల్ల వచ్చే ఎగ్జిమాను సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరల్లో ఇన్ఫెక్షన్) అనుకుని యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. సెల్యులైటిస్ సాధారణంగా ఒక కాలికే వస్తుంది. వేడి, నొప్పి, జ్వరం తోడుంటాయి. రెండు కాళ్లూ ఒకేసారి రంగు మారి, పొట్టు రాలుతూ, నొప్పి కంటే దురద ఎక్కువగా ఉంటే ఎగ్జిమా అయ్యే అవకాశమే ఎక్కువ. పుండు చుట్టూ రాసిన మందులు పడకపోయినా ఇలాగే ఉంటుంది. నియోమైసిన్ కలిసిన ఆయింట్‌మెంట్లు, లానోలిన్ ఉన్న క్రీములు ఈ రోగుల్లో తరచూ అలర్జీ తెస్తాయి. ఇంతవరకు ఏమేం రాశారో ట్యూబులతో సహా తెచ్చి చూపించమనడం మంచిది.

గుర్తులన్నీ రాయడానికి 1994లో రూపొందించిన సీఈఏపీ వర్గీకరణ వాడతారు, సిరల జబ్బు ఏ దశలో ఉందో అది చెబుతుంది. అందులో సీ5 అంటే మానిన పుండు, సీ6 అంటే ప్రస్తుతం ఉన్న పుండు.

పుండును కొలవడం

సిరల పుండు ఎక్కువగా చీలమండ లోపలి వైపు, దాని పైన పిక్క సగం లోపు వస్తుంది. లోతు తక్కువ, అంచులు ఒంకర టింకర, రసి ఎక్కువ. అడుగున ఎర్రని కొత్త కండ ఎంత ఉంది, పసుపుగా జిగటగా ఉన్న చచ్చిన పొర ఎంత ఉంది, నల్లని భాగం ఉందా అన్నది శాతాల్లో రాస్తారు. రసికి చుట్టుపక్కల చర్మం నాని తెల్లబడిందంటే డ్రెస్సింగ్ పీల్చలేకపోతోందని అర్థం.

పొడవు, వెడల్పు కొలిచి తేదీ వేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. చికిత్స నడుస్తోందా లేదా అన్నది చెప్పేది మాత్రం ఆ అంకెలే. ‘కాస్త నయంగా ఉంది’ అన్న రాత వారం తర్వాత వచ్చే నర్సుకు ఏమీ చెప్పదు. పారదర్శక షీటు మీద అంచు గీసుకుంటే పోలిక ఇంకా తేలిక. మొదటి కొలత ముందుచూపు కూడా ఇస్తుంది. 5 చదరపు సెంటీమీటర్లు దాటిన పుండు, 6 నెలలు దాటిన పుండు మానడం కష్టం. రెండూ కలిస్తే మరింత కష్టం. మొదటి 4 వారాల్లో విస్తీర్ణం 40 శాతం దాకా తగ్గిందంటే దారిలో పడినట్టే. తగ్గకపోతే 4 వారాల దగ్గరే ఆగి ఎందుకని అడగాలి.

స్వాబ్ పరీక్ష (పుండు రసిని దూది పుల్లతో తీసి ల్యాబ్‌కు పంపడం) ప్రతిసారీ అక్కర్లేదు. దీర్ఘకాలిక పుండు ఏదైనా సరే, అందులో బ్యాక్టీరియా ఉంటుంది. రిపోర్టులో పేరు వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. నొప్పి హఠాత్తుగా పెరగడం, వేడి, కొత్తగా చెడు వాసన, చీము, పుండు వేగంగా పెద్దదవడం, జ్వరం లాంటివి ఉంటేనే స్వాబ్‌కూ యాంటీబయాటిక్స్‌కూ అర్థం.

డాప్లర్: కట్టుకు ముందు తప్పనిసరి

కంప్రెషన్ బ్యాండేజ్ చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఇస్తుంది. సిరలను అది బయటి నుంచి అదిమి, కవాటాలు చేయలేని పనిని కొంతవరకు చేస్తుంది. ధమనుల్లో ఇప్పటికే రక్తం సన్నగా వస్తున్న కాలికి అదే కట్టు కడితే ఆ కాస్త రక్తమూ ఆగుతుంది. చర్మం నల్లబడుతుంది, వేళ్లు పోవచ్చు, కాలు పోవచ్చు. తెలియక జరిగే ఈ హానిని ఆపడానికే చీలమండ–చేయి ఒత్తిడి నిష్పత్తి కొలుస్తారు. దాన్నే ఏబీపీఐ అంటారు.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి 10 నుంచి 20 నిమిషాలు విశ్రాంతి ఇస్తారు. పుండు మీద పల్చని శుభ్రమైన పొర కప్పి, చీలమండ పైన బీపీ కఫ్ చుడతారు. పాదం మీద జెల్ రాసి, రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే డాప్లర్ పరికరం ప్రోబ్‌ను వాలుగా ఆనిస్తారు. ధమని దొరకగానే హుష్ హుష్ మని చప్పుడు వినిపిస్తుంది. కఫ్‌లో గాలి నింపి చప్పుడు ఆగేదాకా పోయి, మెల్లగా వదిలితే చప్పుడు తిరిగి మొదలైన అంకె సిస్టోలిక్ ఒత్తిడి. పాదం పైన ఒకటి, చీలమండ లోపలి వైపు వెనక ఒకటి, ఇలా రెండు ధమనుల్లో ఎక్కువ వచ్చింది తీసుకుంటారు. రెండు చేతుల్లోనూ కొలిచి ఎక్కువ వచ్చిన దాంతో భాగిస్తారు.

చేతిలో 140, చీలమండ దగ్గర 126 వస్తే నిష్పత్తి 0.9. ధమని పరంగా పూర్తి కట్టుకు అడ్డు లేదు. అదే చేతికి చీలమండ దగ్గర 84 వస్తే 0.6. అంటే సిరల జబ్బుతో పాటు ధమని జబ్బూ ఉండి ఉండవచ్చు, నిపుణుల సలహా లేకుండా బిగుతు కట్టు కట్టకూడదు. సాధారణంగా 0.8 నుంచి 1.3 వరకు పూర్తి కంప్రెషన్, 0.5 నుంచి 0.8 మధ్య తగ్గించిన కంప్రెషన్ నిపుణుల పర్యవేక్షణలో, 0.5 కంటే తక్కువైతే కంప్రెషన్ వద్దు, వెంటనే రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపాలి అన్నది వాడుకలో ఉన్న కొలమానం.

1.3 దాటితే బాగా ఉందనుకోవడం పెద్ద పొరపాటు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమని గోడలో కాల్షియం పేరుకుని అది గొట్టంలా గట్టిపడుతుంది. కఫ్ దాన్ని నొక్కలేదు కాబట్టి అంకె అబద్ధంగా పెరుగుతుంది. అప్పుడు బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలవాలి. వేలితో నాడి (పల్స్) పట్టి చూసి సరిపెట్టుకోవడమూ చాలదు. వాపు ఉన్న పాదంలో నాడి బాగున్నా దొరక్కపోవచ్చు, ధమని జబ్బు ఉన్నా దొరకవచ్చు. గుండె వైఫల్యం అదుపులో లేని రోగికి కూడా ముందు డాక్టరును అడగాలి. కాళ్లలోని నీరంతా ఒక్కసారిగా పైకి వస్తే గుండె తట్టుకోలేకపోవచ్చు.

చీలమండ చుట్టుకొలత టేపుతో కొలవడం చివర్లో చేసే పని, కానీ వదలకూడనిది. ఒకే బిగువుతో కట్టినా సన్నని కాలి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది, లావు కాలి మీద తక్కువ పడుతుంది. ఇది లాప్లాస్ సూత్రం. చుట్టుకొలత 18 సెంటీమీటర్ల లోపు ఉంటే ముందు దూది పొర చుట్టి కాలిని కాస్త లావు చేశాకే కట్టు కడతారు. లేకపోతే ఎముక ముందు భాగంలో కట్టే కొత్త పుండు చేస్తుంది.

సిర పుండేనా, వేరేదా

ధమని పుండు ఎక్కువగా వేళ్ల మీద, పాదం మీద వస్తుంది. అంచు పంచ్ చేసినట్టు తెగి ఉంటుంది, పాదం చల్లగా ఉంటుంది. కాలు పైకెత్తితే నొప్పి పెరుగుతుంది, మంచం మీంచి కిందికి వేలాడేస్తే తగ్గుతుంది. షుగర్ వల్ల నాడులు దెబ్బతిన్న పుండు అరికాలిలో ఒత్తిడి పడే చోట వస్తుంది, నొప్పే తెలియదు. అంచులు పైకి లేచి ఉబ్బినా, కండ అతిగా పెరిగినా, సరైన కట్టుతో 12 వారాలైనా కదలిక లేకపోయినా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఏళ్ల నాటి పుండులో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది.

సిరల పుండుకు నొప్పి ఉండదన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అది తప్పు. నొప్పి లేదన్న నమ్మకంతో అడగరు, అడగరు కాబట్టి రోగి చెప్పరు. కట్టు మార్చే రోజున నొప్పికి భయపడి రాకుండా మానేస్తారు. సున్నా నుంచి 10 వరకు అంకె అడిగి, ఎప్పుడు పెరుగుతోందో రాయాలి. వాసన గురించి రోగి తనంతట తాను చెప్పడం ఇంకా కష్టం. ‘నలుగురిలోకి వెళ్తున్నారా?’ అని మెల్లగా అడిగితే గానీ బయటపడదు. పాదం దాకా చేయి అందుతుందా, మేజోడు లాక్కునే బలం వేళ్లలో ఉందా, కట్టుతో చెప్పు పడుతుందా అన్న సంగతులు కూడా పరీక్షలో భాగమే. వీటికి జవాబు లేకుండా రాసిన ప్లాన్ ఇంటికి వెళ్లేలోపే విఫలమవుతుంది.

పరీక్ష తొందరగా జరిగితే

తొలి పరీక్ష ఎంత త్వరగా జరిగితే చికిత్స దారి అంత మారుతుంది. బ్రిటన్‌లో 450 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ఈవీఆర్ఏ అధ్యయనంలో, కంప్రెషన్‌తో పాటు 2 వారాల్లోపే పాడైన పైపొర సిరను మూసివేసిన వాళ్లకు పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది. ఆ చికిత్సను వాయిదా వేసిన వాళ్లకు 82 రోజులు. 2004 నాటి ఎస్కార్ అధ్యయనంలో కంప్రెషన్‌కు సిర ఆపరేషన్ తోడైన వాళ్లలో ఏడాదిలో పుండు తిరగబెట్టింది 12 శాతం మందికి, కంప్రెషన్ ఒక్కటే తీసుకున్న వాళ్లలో 28 శాతం మందికి. మోకాలి కింద పుండు 2 వారాల్లో మానకపోతే రక్తనాళాల విభాగానికి పంపాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నది ఈ తర్కంతోనే. మూడు నెలల డ్రెస్సింగుల తర్వాత పంపితే ఆ లాభం చాలావరకు పోతుంది.

కట్టు రకం గురించి జరిగే వాదనకు అంత బరువు లేదు. నాలుగు పొరల బ్యాండేజ్‌నూ, రెండు పొరల కంప్రెషన్ మేజోళ్లనూ పోల్చిన 2014 నాటి అధ్యయనంలో మానడానికి పట్టిన కాలం దాదాపు సమానం, 98, 99 రోజులు. రోగి రోజూ భరించగలిగిందే మంచి కట్టు.

పుండు పూడిన రోజున కేసు మూసేయడం వల్లే చాలా పుండ్లు తిరిగొస్తాయి. కవాటం బాగుపడలేదు, ఒత్తిడి అలాగే ఉంది. అప్పటి నుంచి ఆ కాలికి మేజోళ్లు కావాలి. వాటి కొలత పొద్దున్నే, వాపు తక్కువగా ఉన్నప్పుడు తీసుకోవాలి. సాగే గుణం తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు, మామూలుగా 3 నుంచి 6 నెలలకోసారి మార్చాలి. మార్చే ప్రతిసారీ చుట్టుకొలత మళ్లీ తీయాలి, ధమనులను కూడా మధ్యమధ్య డాప్లర్‌తో చూస్తుండాలి. రెండేళ్ల కిందట 0.9 ఉన్న కాలు ఇప్పుడూ 0.9 ఉంటుందన్న హామీ లేదు.